పద్నాలుగు పురుగుల ఊరు

జూలై 21, తెనాలి

జర్నల్‌కి వ్యాసం పంపేశాను. ఆదివారం ఆరాధన అయ్యి గుడి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా కూర్చుని, చదివిందే మూడుసార్లు చదివి, ప్రార్థన చేసుకుని మరీ పంపాను. దక్షిణ అమెరికా పేడపురుగు గురించి తెనాలిలో కూర్చుని ఇరవై రెండు పేజీలు రాసిన పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. "మన గేదెల కింద దొరకవా? అంత దూరం పోవాలా?" అన్నారు మా ఆయన అజయ్ బాబు. ఆరేళ్ళుగా ఇదే జోకు, ఆరేళ్ళుగా ఆయనొక్కరే నవ్వుతున్నారు.

మొత్తం పద్నాలుగు పురుగులు. ఒక్కోటి వేరుశెనగ గింజంత ఉంటుంది, నల్లగా, వీపు మీద కొంచెం ఆకుపచ్చ మెరుపుతో. రేపల్లె మిషన్ స్కూల్లో ఒక దొరగారు తొంభై ఏళ్ళ కిందట వదిలిపోయిన చెక్కపెట్టెలో సూదులకు గుచ్చి ఉన్నాయి. ఆయన మన దేశం రాకముందు బ్రిటిష్ గయానాలో పాదిరిగా చేశారట. స్కూలు మూసేసి బీరువాలు అమ్మేస్తుంటే నాన్నే వెళ్ళి అడిగి ఆ పెట్టె నాకు ఇప్పించాడు. నాన్న అక్కడ ముప్పై ఆరేళ్ళు ల్యాబ్ అటెండరు. ఆ పద్నాలుగూ ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని జాతి అని తేల్చడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. పేరు పెట్టాను. కాంథాన్ బర్నబాసి. నాన్న పేరు బర్నబాస్.

ఒక్కో పురుగు కింద సూదికి చిన్న చీటీ, చీటీ మీద అది దొరికిన చోటు. ఎనిమిదింటికి బెర్బీస్ నది ఒడ్డు అడవి. ఆరింటికి రుపునుని గడ్డి మైదానం. రెంటికీ మధ్య వందల కిలోమీటర్ల దూరం. ఒకే పురుగు చిక్కటి అడవిలోనూ, ఎండ కాసే బయలులోనూ బతికిందన్నదే నా వ్యాసంలో అసలు సంగతి. నా థీసిస్‌లో మూడో అధ్యాయమంతా అదే. చీటీల మీద రాత ఎంత పొందికగా ఉందో! దొరగారికి మంచి గుమాస్తా దొరికినట్టున్నాడు.

జూలై 28, రేపల్లె

ఫోన్లో చెప్పకుండా వారం రోజులు బిగబట్టుకుని, ఈ రోజు పాసింజర్లో వచ్చి చెప్పాను.

"పురుగుకా? నా పేరా?" అన్నాడు నాన్న. కాసేపు నమ్మలేదు. తర్వాత లోపలికి వెళ్ళి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు.

"ఒకసారి పెట్టాక మళ్ళీ ఎవరన్నా తీసేస్తారా అమ్మా?"

"తీయరు నాన్నా. నువ్వూ నేనూ పోయినా ఉంటుంది."

"పేరు కింద అటెండరని కూడా వేస్తారా?"

"పేరొక్కటే వేస్తారు."

"అది చాల్లే" అన్నాడు. తమ్ముడి భార్య రూతు కాఫీ తెస్తే ఆ అమ్మాయికి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు, తనే కనిపెట్టినంత ధీమాగా.

స్కూలు వందేళ్ళ పండుగకి గోడలో పెట్టిన రాయి మీద పంతొమ్మిది పేర్లున్నాయి. హెడ్మాస్టర్లు, కరస్పాండెంట్లు, చివర సిమెంటు ఇచ్చినాయన. ఆ రాయిని బండి మీద నుంచి దించి గోడ దాకా మోసిన నలుగురిలో నాన్న ఒకడు. ఆయన ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నాకే కోపం, పదిహేనేళ్ళుగా తగ్గని కోపం. ఆ పురుగు పేరు ఆ రాయికి నా జవాబు.

భోజనాల దగ్గర అడిగాడు. "పురుగు ఏ ఊరిదని రాశావు?"

"చీటీల మీద ఉన్నదే రాశాను."

"అన్నీనా?"

"అన్నీ."

నాన్న మజ్జిగ పోసుకున్నాడు. ఈ మధ్య వయసుతో పాటు మాట కూడా తగ్గింది.

ఆగస్టు 11, తెనాలి

రేపల్లె గుడిలో మా పాస్టరు అయ్యగారు ఫోన్ చేశారు. కోత పండుగ రోజు ఆరాధన అయ్యాక నాన్నకు శాలువా కప్పుతారట. "మన సంఘంలో ఒక మనిషి పేరు పుస్తకాల్లోకి ఎక్కడం ఇదే మొదలమ్మా, పురుగుకైతేనేం" అన్నారు. నాన్న ఊరంతా చెప్పేసుకున్నట్టున్నాడు.

ఆగస్టు 30, తెనాలి

జర్నల్ నుంచి జవాబు వచ్చింది. వ్యాసాన్ని పరిశీలించేవాళ్ళు ఇద్దరు చదివారు. ఒకరికి అంతా నచ్చింది, కామాలు దిద్దారు. రెండోవారు బ్రెజిల్ మనిషి అనుకుంటాను, పేర్లు చెప్పరు. పురుగు కొత్తదే, పేరుకి అభ్యంతరం లేదు అన్నారు. ఆ తర్వాత రెండు పేజీలు దులిపేశారు. ఇలాంటి కాళ్ళున్న పురుగు అడవి నీడ వదిలి బయటికి రాదు, ఈ గుంపులో ఒక్కటి కూడా ఆ మైదానంలో ఎవరికీ దొరకలేదు, మీ ఆరూ అక్కడివేనని మీకెలా తెలుసు? చీటీలను రెండు వైపులా ఫొటోలు తీసి సెప్టెంబరు ముప్పైలోగా పంపండి.

ఎలా తెలుసంటే చీటీ మీద ఉంది కాబట్టి. ఇంకెలా తెలుస్తుంది, పురుగు లేచి చెప్తుందా? ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం దాకా జవాబు రాస్తూనే ఉన్నాను, అన్నీ కొట్టేశాను.

సెప్టెంబరు 2, తెనాలి

ఒకటే వాన. కృష్ణకు ఎన్నడూ లేనంత వరద. కొల్లిపర వైపు లంకల్లోకి నీళ్ళు వచ్చేశాయి. రేపల్లె దగ్గర కట్ట తెగుతుందేమోనని జనం ఇసుక బస్తాలు వేస్తున్నారట. నాన్న ఫోన్ ఎత్తాడు. "మాకేం కాలేదు. తొంభయ్యో సంవత్సరం తుఫాను చూసినోళ్ళకి ఇదేం లెక్క కాదు. అప్పుడు మా స్కూలు ల్యాబులో మోకాలి లోతు నీళ్ళు" అన్నాడు.

ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదే. చెప్పాడేమో, నేను వినలేదేమో.

సెప్టెంబరు 5

చీటీలు తిప్పాలి. వచ్చే వారం.

సెప్టెంబరు 11, బాపట్ల

పెట్టె మా గైడు రంగనాయకులు గారి ల్యాబులో ఉంటుంది. నేను పాఠాలు చెప్పే కాలేజీలో సెలవు పెట్టి వెళ్ళాను. మూత తీయగానే ఎప్పటిలాగే కలరా ఉండల వాసన. రుపునుని వరసలో చివరి పురుగు చీటీని సూది మీదే మెల్లగా పైకి జరిపి వెనక్కి తిప్పి చూశాను.

వెనక గులాబీ రంగు అచ్చు. తెలుగు. "బంధుమిత్రస" అని ఉండి, అక్కడికి కత్తెర పడింది.

తొంభై ఏళ్ళ కిందట బ్రిటిష్ గయానా అడవుల్లో తెలుగు పెళ్ళిపత్రికలు ఉండవు.

మిగతావి తిప్పలేదు. కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది కూడా, కానీ అప్పటికి బస్సు టైము అయింది.

సెప్టెంబరు 12

ఎవరో తిరగరాశారు. ఎవరో.

సెప్టెంబరు 13, తెనాలి

ఈ రోజు మళ్ళీ బాపట్ల వెళ్ళి చీటీ సార్‌కి చూపించాను. రంగనాయకులు గారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని చాలాసేపు చూశారు. ముందు నవ్వారు, తర్వాత నవ్వలేదు.

"అమ్మాయ్ స్నేహలతా, నీ పీహెచ్‌డీ రిజిస్ట్రేషను అక్టోబరు ముప్పై ఒకటితో అయిపోతోంది. తెలుసు కదా?"

"తెలుసండి."

"ఆ ఆరింటినీ తీసి ఇంకో పెట్టెలో పెట్టు. కొత్త జాతి అనడానికి ఎనిమిది చాలు. మైదానం మాట ఎత్తకు. అడిగినాయన కూడా సంతోషిస్తాడు, మీ నాన్నగారి పేరూ ఉంటుంది."

"మిగతావి ఏమయ్యాయని అడిగితే సార్?"

"ఎవరడుగుతారమ్మా, బ్రెజిల్ నుంచి బాపట్ల వచ్చి?"

ఆయన చెడ్డవారు కారు. నా మీద అభిమానంతోనే అన్నారు. బస్సులో పొన్నూరు దాకా ఆ మాట నాకు చక్కగా నచ్చింది. ఎంత తేలిక! ఆరు సూదులు తీయడం, అంతే. పొన్నూరు దాటాక, మిగిలిన ఎనిమిది చీటీలు మాత్రం ఎవరు రాశారన్న ప్రశ్న వచ్చి కూర్చుంది. అవి కూడా అదే చేతిరాత. నదిది నిజమని, మైదానానిది అబద్ధమని నేనెలా తేలుస్తాను? నాకు పనికొచ్చేవి నిజం, పనికిరానివి అబద్ధం అనా?

ఆదివారం రేపల్లె వెళ్తాను. అడిగేస్తాను. ఏమైనా సరే అడిగేస్తాను.

సెప్టెంబరు 15, రేపల్లె

నాన్న అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. ఫోన్లో ఫొటో ఆయన ముందు పెట్టాను. "నాన్నా, ఈ చీటీ ఎవరు రాశారు?"

ఫొటో చూడకుండానే "నేనే" అన్నాడు.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంటున్నాను. "తొంభై తుఫానుకి పెట్టెలోకి నీళ్ళొచ్చినయ్. పురుగులు ఆరబెట్టుకోగలిగాను గానీ చీటీల మీద సిరా కారిపోయింది. కొన్ని చదవొచ్చు, కొన్ని తెల్లగా అయిపోయినయ్. ఆగస్టులో ఇన్‌స్పెక్షను. రిజిస్టర్లో ఎన్ని పురుగులుంటే అన్నింటికీ చీటీ ఉండాలి. ఖాళీగా ఉంటే హెడ్మాస్టరు గారికి మాటొచ్చుద్ది. ఆయన నన్ను ఏమీ అడగలా. నేనే, పక్క పురుగుది చూసి దీనికి రాశాను. ఒక వరసలోయి ఒక ఊరియే అయ్యుంటయ్ గదా అనుకున్నాను. అప్పుడు కింద వరసలో వేరే రకం పెద్ద పురుగులుండేయి, వాటి చీటీలు బాగానే ఉన్నయ్. వాటి మీద ఆ మైదానం పేరుంటే అదే ఈ ఆరింటికేశాను."

"ఇన్‌స్పెక్టరు చూశాడా?"

"బీరువా కూడా తెరవలేదమ్మా. టీ తాగి పోయాడు."

నేను అరిచాను. నిజంగానే అరిచాను, వంటింట్లోంచి రూతు పరుగెత్తుకొచ్చింది. జూలైలో నువ్వే అడిగావు కదా ఏ ఊరిదని, అన్నీ రాశానంటే మజ్జిగ పోసుకున్నావు, అప్పుడే ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది, నా ఆరేళ్ళు ఏం కావాలి అని ఏమేమో అన్నాను.

నాన్న అంతా విన్నాడు. "నాకు ఆ పేరు కావాలనిపించింది అమ్మా" అన్నాడు. నిష్ఠూరం లేకుండానే అడిగాడు. "మరి నీకు నా రాత తెలవదా? మూడో తరగతి నుంచి నీ పుస్తకాల అట్టల మీద పేరు రాసిందెవరు?"



తెలుసు. పెట్టె మొదటిసారి తెరిచిన రోజే తెలుసు. ఇంగ్లీషు 'ఆర్' కాలు ముందుకి చాపి చివర చిన్న కొక్కెం పెట్టడం ఈ భూమ్మీద నాన్న ఒక్కడే చేస్తాడు. చూసిన మరుక్షణం కళ్ళు పక్కకు తిప్పుకున్నాను, అలా ఆరేళ్ళు తిప్పుకునే ఉన్నాను. దొరగారి గుమాస్తా అని ఇక్కడ రాసుకున్నాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధమే రాసుకున్నాను. నాన్నది ఇన్‌స్పెక్షను భయం. నాదేంటి? సిగ్గుగా ఉంది.

సెప్టెంబరు 16, తెనాలి

సార్‌కి ఫోన్ చేసి ఇద్దరి సంగతీ చెప్పాను. నాది ముందు చెప్పాను. ఆ ఆరింటినీ ఇంకో పెట్టెలో పెట్టనని కూడా చెప్పాను. "అక్టోబరు పోతుందమ్మా" అన్నారు. పోనివ్వండి అన్నాను. ఇక మాట మార్చుకోను.

సెప్టెంబరు 19, బాపట్ల

నేను పిలవలేదు. నాన్నే చెరుకుపల్లి మీదుగా బస్సులో ఒక్కడే దిగాడు, తెల్ల చొక్కా, చేతిలో టిఫిన్ డబ్బా. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. "పెట్టె చూపించు" అన్నాడు.

ల్యాబులో సార్ కుర్చీ చూపించినా కూర్చోలేదు. "పర్లేదండి, అలవాటే" అన్నాడు. సార్ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. నాన్న చిమటా తీసుకుని మొదటి సూది లేపేసరికి మేమిద్దరం దగ్గరికి వంగాం. ఆ సూదులు తీసేటప్పుడు నేను ఊపిరి బిగబడతాను. నాన్న మాట్లాడుతూనే తీశాడు.

"చదవగలిగినయ్ ముందు రాశానండి. మా హెడ్మాస్టరు గారి అమ్మాయి పెళ్ళిపత్రిక ఉంటే దాన్ని కత్తిరించి, తెల్లగా ఉన్న వైపు రాశాను. అది ఆకుపచ్చ అచ్చు. మర్నాడు ఖాళీ వాటికి రాద్దామంటే అట్ట అయిపోయింది. ఇంకో పెళ్ళిది తెచ్చుకున్నాను, గులాబీ అచ్చు. నేను ఊహించి రాసినవన్నీ దాని మీదే ఉంటయ్."

పద్నాలుగూ తిప్పాం. ఒక్కొక్కటి తిప్పుతుంటే సార్ కాగితం మీద గీతలు పెట్టారు. ఆకుపచ్చవి ఐదు. గులాబీవి తొమ్మిది. ఆ ఐదూ బెర్బీస్ నదివే. మైదానంవి ఆరూ గులాబీవే, నదివి ఇంకో మూడు కూడా గులాబీవే. సార్ చెప్పినట్టు చేసి ఉంటే ఆ మూడు అబద్ధాలూ అచ్చయ్యేవి.

"ఐదింటికి నాది పూచీ అండి. తొమ్మిదింటి ఊరు నాకు తెలవదు" అన్నాడు నాన్న.

సార్ గీతలు పెట్టిన కాగితం మడిచారు. తర్వాత "బర్నబాస్ గారూ, టీ తాగుదాం రండి" అని తనే ముందు లేచారు.

బస్టాండులో మళ్ళీ గొడవ. "ఆ పేరు తీసెయ్యమ్మా" అన్నాడు.

"తీయను. ఆ పెట్టెను తుఫానులోంచి కాపాడింది నువ్వు. ఆరబెట్టింది నువ్వు. నువ్వు లేకపోతే ఆ పురుగులే లేవు."

"ఊరు లేని వాటికి ఊరు కల్పించింది కూడా నేనే. దానికి నా పేరేంటి?"

"పేరు తప్పు చేయనివాళ్ళకే పెడతారా? అలాగైతే ఒక్క పురుగుకీ పేరుండదు."

"నీతో నేను పడలేను" అని బస్సెక్కాడు. కిటికీలోంచి కూడా నా వైపు చూడలేదు. మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అనుమానం లేదు.

సెప్టెంబరు 22, రేపల్లె

ఆరాధనలో ప్రకటనల దగ్గర అయ్యగారు కోత పండుగ సంగతి చెప్తూ శాలువా మాట ఎత్తారు. మూడో బల్ల దగ్గర నాన్న లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఒక్క మాటండి. ఆ పురుగుల చీటీల మీద నేను తప్పు రాశాను. తొమ్మిదింటికి ఊరు తెలవకుండానే ఊరు రాశాను. ముప్పై నాలుగేళ్ళు ఎవరికీ చెప్పలా. మా అమ్మాయి అదే నిజమనుకుని రాసింది. నాకు శాలువా వద్దండి."

అయ్యగారు చేతిలోని కాగితం చూసుకున్నారు. మా వెనక బల్ల మీద వరమ్మ పెద్దమ్మ "ఇంత దానికి గుళ్ళో నిలబడి చెప్పాలా బర్నబాసూ" అంది, అందరికీ వినపడేట్టు. నాన్న కూర్చుని పాటల పుస్తకం తెరిచాడు.

"అదే నిజమనుకుని రాసింది" అన్నాడు. అందరి ముందూ నన్ను తప్పించాడు. నాకు ఏడుపొచ్చింది. గర్వంతోనూ, సిగ్గుతోనూ. లేచి నేను కూడా చెప్పాల్సింది. లేవలేకపోయాను.

సెప్టెంబరు 23

పేరు తీసేశాను, ఇంకా అచ్చు కాలేదు కాబట్టి కుదిరింది. ఆయన మాట గెలిచింది. ఇప్పుడు నదిని బట్టి కాంథాన్ బెర్బిసెన్సిస్.

సెప్టెంబరు 26, తెనాలి

మూడో అధ్యాయం మొత్తం కొట్టేశాను. మ్యాపు కొత్తగా గీశాను. ఇదివరకు గయానా దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా రంగు వేసి పెట్టాను. ఇప్పుడు ఒక నది ఒడ్డున ఒక్క చుక్క మిగిలింది. తొమ్మిదింటి ఎదురుగా "చోటు తెలియదు" అని రాశాను. మొదటిసారి రాసినప్పుడు చెయ్యి రాలేదు, ఐదోదానికి అలవాటైపోయింది.

ఆరు నెలల గడువుకి దరఖాస్తు పెట్టాను. ఇస్తారో ఇవ్వరో తెలియదు. ఇవ్వకపోతే మళ్ళీ రిజిస్టరు చేసుకుంటాను, మళ్ళీ రాస్తాను. అజయ్ ఈ రోజు జోకు వేయలేదు. మ్యాపు చాలాసేపు చూసి "ఈ చుక్క మాత్రం గ్యారంటీయేనా?" అన్నారు. గ్యారంటీయే అన్నాను.

సెప్టెంబరు 29, రేపల్లె

రేపే ఆఖరి రోజు. పంపే ముందు నాన్నకు వినిపించాలని ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాను. ఆయన సంగతి ఉన్న పేరా ఒక్కటే తెలుగులో చెప్పాను.

"ఈ చీటీలు అసలువి కావు. 1990 తుఫానులో అసలువి చెడిపోయాక స్కూలు ల్యాబ్ అటెండరు బర్నబాస్ వీటిని తిరగరాశారు. ఐదు చదివి రాసినవని, తొమ్మిది ఊహించి రాసినవని ఆయనే స్వయంగా విడదీసి చూపించారు. రచయిత్రి ఆయన కూతురు. ఈ చేతిరాతను మొదటి రోజే గుర్తుపట్టి కూడా మొదటి ప్రతిలో ఆ సంగతి దాచింది."

నాన్న కళ్ళజోడు పెట్టుకుని, అక్షరాలు తప్ప అర్థం తెలియని ఇంగ్లీషు వైపు చూస్తూ విన్నాడు.

"నా పేరు నిజంగానే వేశావా?"

"వేశాను."

"అటెండరని వేశావా?"

"వేశాను నాన్నా."

మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. చదివాను. చివరి వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపాడు.

"నీ సంగతి తీసెయ్. నాదొక్కటి చాలు. నీకు ఇంకా ఉద్యోగం ఉంది."

"అదీ ఉంటుంది."

"నా మాట వినవా?"

"పేరు తీసెయ్యమంటే విన్నాను. ఇది వినను."

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "నా సంగతీ నీ సంగతీ పక్కపక్కనే ఉన్నయ్యా?" అన్నాడు.

"పక్కపక్కనే ఉన్నాయి."

"అయితే ఉండనియ్" అన్నాడు.